వాడిన గిన్నెలు, వేరేవాళ్ల పేర్లు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఏ మనిషి మీదా లేనంత కోపం ఒక అక్షరం మీద ఉండేది. ఆ అక్షరం ‘స’. దాని చోట్లో అది ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు దాన్ని తీసుకొచ్చి ‘చ’ కూర్చోవలసిన పీట మీద కూర్చోబెట్టేవారు, అదీ నా బాధ. పొందూరు పక్కన మా పల్లెలో చెట్టు సెట్టు, చేప సేప, చదువు సదువు. ఆ సదువునే పట్టుదలగా చదివి, బి.ఎడ్. పూర్తిచేసి, విజయనగరంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరాను. చేరిన రోజునే అక్కడి పెద్ద మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, ‘పిల్లలకి పాఠం చెప్పండమ్మా, సెప్పకండి’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. అప్పటినుంచి నా నోటికి నేనే కాపలా కూర్చున్నాను. సెలవులకి ఇంటికి వెళ్లినా ఆ కాపలా మానేదాన్ని కాదు. ‘సదువు కాదు నాన్నా, చదువు’ అని మా నాన్నని దిద్దేదాన్ని. ఆయన శ్రద్ధగా విని, తలూపి, ‘అదే గదే, సదువు’ అనేవాడు. (ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అన్న అనుమానం నాకు అప్పట్లో రాలేదు. టీచర్లకి కొన్ని విషయాలు ఆలస్యంగా తెలుస్తాయి.)

ఈ కోపానికి మూలం ఒక టిఫిను గిన్నె. ఇంట్లో నన్ను పిలిచే పేరు చిట్టి. అంటే వాళ్ల నోట్లో సిట్టి. నేను పదో తరగతి మంచి మార్కులతో పాసయినప్పుడు నాన్న ఏదో పనిమీద శ్రీకాకుళం వెళ్లి, బజారులో గట్టిగా బిగుసుకునే మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి కొన్నాడు. కొని ఊరుకోకుండా దానిమీద నా పేరు కొట్టించాడు. మా వైపు పేరు లేని స్టీలు సామాను అనాథ కిందే లెక్క. గిన్నెల కొట్ల ముందు చిన్న మర పట్టుకుని చుక్కచుక్కగా పేర్లు కొట్టే మనుషులు కూర్చునే ఉంటారు. నాన్నకి సంతకం పెట్టడం వరకే వచ్చు. పేరు నోటితో చెప్పి ఉంటాడు, ఆ మనిషి విన్నది విన్నట్టు కొట్టి ఉంటాడు. నాన్న ఇంటికొచ్చి తువ్వాలు విప్పి గిన్నె నా చేతిలో పెట్టేసరికి, దాని నడుం మీద, అందరికీ కనబడేటంత పెద్దగా ‘సిట్టి’ అని ఉంది. అప్పటికే బస్సులో సగంమందికి దాన్ని చూపించుకుంటూ వచ్చాడట. ఆయన మొహం చూసి, తప్పు పడింది నాన్నా అన్న మాట మింగేశాను. మర్నాడు అమ్మ బొట్టుబిళ్లల అట్టలోంచి అన్నిటికన్నా పెద్ద ఎర్రబిళ్ల తీసి ‘సి’ మీద అంటించాను. ఇంటరు, డిగ్రీ, బి.ఎడ్., చివరికి ఉద్యోగం కూడా ఆ గిన్నెలో అన్నం తింటూనే గడిచాయి, బిళ్ల ఊడినప్పుడల్లా కొత్తది అంటిస్తూ. గిన్నెకి బొట్టేమిటే అని ఎవరైనా అడిగితే దిష్టి తగలకుండా అని చెప్పేదాన్ని.

పెళ్లి మా బావతో అయింది. నాన్న చెల్లెలి కొడుకు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరి రకాలు కట్టడంలో ఆరితేరినవాడు. విరగని గుండు పప్పేదో, విడిపోయిన బద్దేదో, ఏ బద్ద నాలుగు రోజుల్లో రంగు మారుతుందో చూపుతో చెప్పేస్తాడు. (మనుషుల విషయంలో ఆ చూపు పనిచేయదు.) టాంజానియాలో జీడితోటలు బాగా ఉన్నాయని, అక్కడ కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో పప్పు చూసే మనిషి కావాలని కబురొస్తే వెళ్లాడు. ఆరు నెలలయ్యాక నేను ఉద్యోగం మానేసి బయల్దేరాను. అక్కడ సామాన్లన్నీ కొనుక్కోవడం దండగ, ఉన్నవి ఓడలో వేయించుకుందాం అని అనుకున్నాం. అనుకోవడం వరకు బాగానే ఉంది.

విశాఖపట్నంలో ఓడ సామాన్లు పంపే ఏజెంటు ఒకే సంగతి నాకు ఫోనులో పదిసార్లు చెప్పాడు. అన్నీ మేము వాడినవే అయి ఉండాలి, కాగితం మీద ‘వాడిన సొంత సామాను’ అని రాయాలి, చూడ్డానికి కూడా వాడినట్టే ఉండాలి. అప్పుడే అక్కడి కస్టమ్స్ వాళ్లు మారుమాట లేకుండా వదులుతారు. కొత్తవిగా కనిపించాయా, అమ్మకానికి తెచ్చారనుకుని గోదాములో పడేస్తారు, గడువులోగా తేలకపోతే వేలం వేసేస్తారు. ఇదంతా నేను అమ్మకి చెప్పాను. చెప్పడమే తప్పయింది. అమ్మకి గోదాము వినబడలేదు, వేలం వినబడలేదు, ‘వాడిన’ అన్న ఒక్క మాట మాత్రం వినబడింది.

‘పాత సామాన్లని కాగితం మీద రాసి మరీ పంపుతారేటి?’ అంది. ‘ఆ దేశపోలు ఏటనుకుంటారు? ఈ పిల్లకి కన్నోలు లేరనుకోరా?’

అంతే. పలాస నుంచి మా అత్త కూడా దిగింది. వదినా ఆడపడుచులిద్దరూ పెరట్లో పీటలేసుకుని, చింతపండు, ముగ్గుపిండి, ఇటుకపొడి ముందరేసుకుని మూడు రోజులు తోమారు. చిన్నప్పటినుంచీ మా అన్నం గిన్నె అడుగు నల్లగా ఉండటం దాని సహజమైన రంగే అనుకునేదాన్ని, అది తెల్లగా బయటపడింది. ఇత్తడి గిన్నెకి కళాయి వేయించారు. పిడి ఊడిన మూకుడుకి కొత్త పిడి వేయించారు. వాడినట్టు కనబడాలి అత్తా అని నేను మొత్తుకుంటే అత్త తోమడం ఆపకుండా, ‘వాడినామని మనకి తెలిస్తే సాల్దా, ఊరందరికీ తెలియాలేటి?’ అంది. ఇక మిక్సీ సంగతి చెప్పనక్కర్లేదు. మా ఇళ్లలో ఏ వస్తువూ దాని అట్టపెట్టె నుంచి పూర్తిగా విడుదల కాదు. మా మిక్సీ ఆరేళ్ల నుంచి రోజూ పచ్చడి రుబ్బాక మళ్లీ తన తెల్లటి థర్మోకోల్ అట్టల మధ్య పెట్టెలోకి వెళ్లి పడుకుంటోంది. గోడగడియారం ముందు ప్లాస్టిక్ కాగితం ఎవరూ ఊడదీయలేదు. టేబుల్ ఫ్యానుకి కొన్ననాటి ధర చీటీ అలాగే ఉంది. అవన్నీ అదే భద్రతతో సర్దేశారు. నా టిఫిను గిన్నెని కూడా తోమేశారు గనుక బొట్టుబిళ్ల పోయింది. ఎవరూ చూడకుండా కొత్త బిళ్ల అంటించి, పాత లంగాలో చుట్టి, పెట్టె అడుగున పెట్టాను. ఆ గిన్నెని పారేయలేను, పైకి పెట్టలేను. అన్నేళ్లూ దాని బతుకు అంతే.

నేను విమానంలో వెళ్లిన రెండు నెలలకి సామాను ఓడలో వచ్చింది. రేవు దగ్గర పెద్ద రేకుల షెడ్డు, లోపల పొడవాటి బల్లలు. మా పెట్టెలు చూడాల్సిన ఆఫీసరు ఒక పెద్దావిడ. తెల్ల యూనిఫారం, మెడలో గొలుసుకి వేలాడే కళ్లద్దాలు, నెమ్మదైన మనిషి. (ఆవిడ పేరు పలకడం మాకు సరిగ్గా వచ్చేది కాదు, మేము మేము మాట్లాడుకునేటప్పుడు అద్దాలమ్మ అనుకునేవాళ్లం.) ఆవిడ నన్ను చూసి, ‘కరీబు, మామా’ అని స్వాగతం చెప్పింది. మా బావ గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు, తన మేనమామ, అంటే మా నాన్న గానీ వచ్చేశాడా అని. అక్కడ పెళ్లయిన ఆడవాళ్లని గౌరవంగా మామా అంటారని ఎనిమిది నెలలుగా అక్కడున్న మనిషికి తెలియదు, జీడిపిక్కలు ఎవరినీ ఏమని పిలవవు గనుక. యూనిఫారం కనిపిస్తే మా బావకి ఇంకో జబ్బు ఉంది, చేతులు కట్టుకుని దేనికైనా ‘ఎస్ మేడమ్’ అంటాడు. అద్దాలమ్మ మెరిసిపోతున్న అన్నం గిన్నెని ఎత్తి, ఇవి వాడినవా అని ఇంగ్లీషులో అడిగింది. ఎస్ మేడమ్. కొత్తగా ఉన్నాయే. ఎస్ మేడమ్. అమ్మకానికి తెచ్చారా? బావ ‘ఎస్’ వరకు వచ్చేశాడు. నేను ఆయన కాలు తొక్కి పక్కకి జరిపి ముందుకి వచ్చాను.

వాడినవేనండీ, మా అమ్మ తోమింది అని చెప్పాను. ఆవిడ మిక్సీ అట్టపెట్టె వైపు చూసింది. అదీ వాడిందే, రోజూ పెట్టెలో పెట్టేస్తాం అన్నాను. గడియారం మీది కాగితం వైపు చూసింది. అది దుమ్ము పడకుండా అన్నాను. ఫ్యాను మీద ధర చీటీ వైపు చూసింది. అది పీకడం మరిచిపోయాం అన్నాను. నేను చెప్పే ఒక్కొక్క నిజం నాకే అబద్ధంలాగా వినిపిస్తోంది. బడిలో హోంవర్కు ఎందుకు రాయలేదంటే పిల్లలు చెప్పే కబుర్లు ఎన్ని విన్నానో, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అప్పుడు ఆవిడ కంట్లో గిన్నెల మీది పేర్లు పడ్డాయి. ఇవేమిటి అని అడిగింది. పేర్లు అన్నాను. చదవమంది. నేను ఒక్కొక్క గిన్నే ఎత్తి చదువుతుంటే, ఆవిడ చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పుస్తకంలో రాసుకుంది. పాతపట్నం మావ. సింగుపురం పెద్దమ్మ. పైడమ్మ గృహప్రవేశం. బి.ఎడ్. స్నేహితులు. అప్పడాల పిన్ని. ఇలా పద్దెనిమిదో పందొమ్మిదో అయ్యాయి. రాయడం ముగించి కళ్లద్దాలు కిందికి వదిలేసి, వీటిలో మీ పేరు ఏది అని అడిగింది. నేను మళ్లీ ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ప్రతి గిన్నె మీదా ఎవరో ఒకరి పేరుంది, పాస్‌పోర్టులో ఉన్న నా పేరు ఒక్క గిన్నె మీదా లేదు.

మా దగ్గర గిన్నె మీద దాని సొంతదారు పేరు ఉండదు, ఇచ్చినవాళ్ల పేరు ఉంటుంది అని వివరించాను. ఎందుకు అంది. ఇచ్చినట్టు తెలియాలి కదా అన్నాను. మరి ఇన్నిసార్లు ఈ పేరే ఎందుకుంది అని అప్పడాల పిన్నిది చూపించింది. అవి మూడు గిన్నెలు. అక్కడ నేను నిజంగానే దొరికిపోయాను. అవి మా పక్కింటి పిన్ని ఇచ్చినవి కావు. పిన్ని పులుసు వేసి పంపినవి. మా వైపు పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలి. ఏదో మంచిది వండినప్పుడు వేసి పంపుదాంలే అని ఉంచుతాం. ఆ మంచిది వండే రోజు రాదు, ఈలోగా ఇంకో గిన్నెలో ఇంకో పులుసు వస్తుంది. అలా తొమ్మిదేళ్లుగా మాతోనే ఉండిపోయిన గిన్నెలు, తోముళ్ల హడావిడిలో అమ్మ మా సామాన్లలో కలిపేసి సముద్రం దాటించేసింది. ఇది నాకు తెలిసినంత ఇంగ్లీషులో చెప్పాను. అద్దాలమ్మ మొదటిసారి నవ్వింది. వాళ్లమ్మ కూడా ఖాళీ గిన్నె పంపనివ్వదట.

నవ్వింది గానీ పుస్తకం మూయలేదు. ఆవిడ మంచిది, కాకపోతే ఆవిడ పని ఆవిడది. ఏవి మీవని చూపించగలరో అవి తీసుకెళ్లండి, మిగతావి పేర్లున్నవాళ్ల నుంచి కాగితం తెచ్చేదాకా ఇక్కడే ఉంటాయి అంది. పాతపట్నం మావ నుంచి కాగితం తేవడం అనేది ఎలాంటి పనో బావకీ నాకూ తెలుసు. (పెళ్లికి పిలిస్తే ఆయన మూడో ఏడు వచ్చాడు, ఆ గిన్నె అప్పుడిచ్చిందే.) ఆవిడ కుర్రాళ్లని పిలిచి ఒక్కొక్క గిన్నే గోదాము బల్ల మీదికి మార్పిస్తూ, పోనీ, ఒక్కటంటే ఒక్కటైనా మీ పేరు ఉన్నది లేదా అని మళ్లీ అడిగింది.

పెట్టె అడుగున చెయ్యి పెట్టి పాత లంగా విప్పి టిఫిను గిన్నె తీశాను. ఆవిడ వేలితో బొట్టుబిళ్లనీ, దాని పక్కనున్న ‘ట్టి’నీ చూపించి చదవమంది. చిట్టి అని చదివాను. ఇంట్లో నన్ను పిలిచే పేరు అని కూడా చెప్పాను. ఆవిడ అలాగే పుస్తకంలో రాసుకుని, పాస్‌పోర్టు చూసి, ఇది కూడా దీనిలో లేదు కదా అంటూ గిన్నెని తీసుకెళ్లి మిగతావాటి పక్కన పెట్టింది.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నాకు పెద్ద దిగులు లేదు. పోతే పోయాయి గిన్నెలు, ఊళ్లో స్టీలుకి కరువా అనుకుంటున్నాను. ఆ గిన్నె ఆ బల్ల మీదికి వెళ్లాక మాత్రం అలా అనుకోలేకపోయాను. పన్నెండేళ్లు దాని మొహం ఎవరికీ చూపించకుండా తిరిగినదాన్ని, దాన్ని ఎవరో వేలంలో కొనుక్కుని అందులో ఉప్పో పంచదారో పోసుకుంటారని తలుచుకుంటే ఏడుపొచ్చింది. అన్నీ ఉంచుకోండి, అదొక్కటి ఇచ్చేయండి అన్నాను. ఆవిడ, ఈ గిన్నెలు మీ ఇంట్లో చూసినవాళ్లెవరైనా ఫోనులో దొరుకుతారా అని అడిగింది.

వీడియో కాల్ చేశాను. ఇక్కడ ఉదయం పదకొండు, అక్కడ భోజనాల వేళ. నాన్న ఎత్తాడు. ఎత్తి, మామూలుగా ఫోను చెవికి పెట్టుకున్నాడు. అందుచేత ఆ దేశపు కస్టమ్స్ వారు మొట్టమొదట పరిశీలించినది మా నాన్న కుడిచెవి. ‘ఒలే సిట్టీ, బువ్వ తిన్నావేటే?’ అంటోంది ఆ చెవి. చెవి దగ్గర కాదు నాన్నా, ఎదురుగా పెట్టు, సూడు, ఇటు సూడు అన్నాను. (అన్నాక గానీ తెలియలేదు. అన్నేళ్ల కాపలా ఆ ఒక్క నిమిషంలో ఎటుపోయిందో.) చెవి పక్కకి తప్పుకుని నాన్న మొహం వచ్చింది, మూతికి పప్పు అంటుకుని ఉంది.

అద్దాలమ్మ తెలివైంది. నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, ఒక గిన్నె ఎత్తి ఫోనుకి చూపించింది. చదవడం రాని మా నాన్న దాన్ని అలా ఒక్క చూపు చూసి, ‘అది పాతపట్నం మావది గదా’ అన్నాడు. ఆవిడ పుస్తకంలో చూసింది, సరిపోయింది. ఇంకోటి ఎత్తింది. ‘సింగుపురం పెద్దమ్మది. మూత బిగువు సాలదు.’ మూత తీసి చూసింది, వదులుగానే ఉంది. ఇంకోటి. ‘పైడమ్మ ఇల్లు గట్టినప్పుడు ఇచ్చినాది. ఆ ఇంటి గోడ అప్పుడే బీటలిచ్చినాది.’ గోడ సంగతి నేను అనువదించలేదు. అప్పడాల పిన్ని గిన్నె ఎత్తేసరికి నాన్న తినడం ఆపేసి, ‘ఒసే, అవి ఇంకా ఇయ్యలేదేటే?’ అని లోపలికి కేకేశాడు. లోపల అమ్మ ఏదో అంది. ఆ పేరు కూడా సరిపోయింది. అక్షరం ముక్క రాని మనిషి, వేల మైళ్ల అవతల అన్నం ముందు కూర్చుని, సొట్టల్ని బట్టి, అంచుల్ని బట్టి ఏ గిన్నె ఎవరిదో వరసగా చెబుతూంటే, షెడ్డులో కుర్రాళ్లు కూడా పని ఆపి చుట్టూ చేరారు. బావ మొహంలోకి రక్తం వచ్చింది.

ఆఖరున ఆవిడ టిఫిను గిన్నె ఎత్తింది.

‘అది మా సిట్టిది’ అన్నాడు నాన్న. ‘ఆమదాలవలస టేసన్లో రైలెక్కుతుంటే సెయ్యి జారి పడిపోనాది. అడుగున సొట్ట ఉంటాది సూడమను. నానే సుత్తితో కొట్టి సదును సేసినాను, సరిగ్గా రాలేదు.’

ఆవిడ గిన్నె తిరగేసింది. సొట్ట ఉంది, దాని చుట్టూ నాన్న సుత్తి దెబ్బలూ ఉన్నాయి. అంతకన్నా వాడిన గిన్నె ఆ షెడ్డులో ఇంకోటి ఉండదు. ఆవిడ తృప్తిగా పుస్తకంలో చూసి, అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి చెప్పమను అంది. నాన్న ఇంకోసారి చెప్పాడు, సిట్టి. ఆవిడ నా వైపు తిరిగింది. పందొమ్మిది గిన్నెలకీ మీ నాన్న చెప్పిందీ మీరు చదివిందీ ఒకటే, మీది అని మీరు చెబుతున్న ఈ ఒక్కదానికే తేడా వచ్చింది, ఆయన సిట్టి అంటున్నాడు, మీరు చిట్టి అని చదివారు, ఈ ఎర్రదాని కింద ఏముంది అని అడుగుతూనే గోటితో బొట్టుబిళ్ల పీకేసింది.

నేను తల దించుకున్నాను. దొంగతనంగా బంగారం తెచ్చి పట్టుబడినవాళ్లు కూడా అంత సిగ్గుపడి ఉండరు. ఆవిడ సింగుపురం పెద్దమ్మ గిన్నె తెచ్చి పక్కన పెట్టి, అక్కడి మొదటి అక్షరం మీద ఒక వేలూ, ఇక్కడి మొదటి అక్షరం మీద ఒక వేలూ పెట్టి, రెండూ ఒకటే కదా, అక్కడ ‘సి’ అని చదివి ఇక్కడ ‘చి’ అని ఎందుకు చదివారు అంది. తెలుగు ముక్క తెలియని మనిషి, నేను పిల్లల నోట్‌బుక్కుల్లో తప్పులు పట్టినట్టు నా తప్పు పట్టింది. అప్పుడు చెప్పేశాను. మా ఊళ్లో ‘చ’ని ‘స’ అంటారనీ, గిన్నె మీద తప్పు పడిందనీ, నేను ఆ భాషే చెప్పే టీచర్ననీ, నలుగురూ నవ్వుతారని సిగ్గుపడి పన్నెండేళ్లుగా బొట్టు పెట్టి దాచాననీ అంతా చెప్పాను. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఫోనులో నాన్నకి మా ఇంగ్లీషు అర్థం కాక, ‘ఏటంటన్నాదే ఆవిడ? ఏటయినాది?’ అని అడుగుతున్నాడు. ఏమీ లేదు నాన్నా, తిను అన్నాను.

అద్దాలమ్మ పుస్తకంలో నేను చదివిన పేరు కొట్టేసి, నాన్న చెప్పినది రాసింది. ముద్ర వేసింది. అన్నీ తీసుకెళ్లండి అని, బావ వైపు తిరిగి, ఇంకోసారి సామాను తోమి తేకండి అంది. ఎస్ మేడమ్ అన్నాడు బావ. ఆ రోజు మొత్తంలో ఆ జవాబు సరిగ్గా అతికింది అక్కడొక్కచోటే.

ఆ తరువాతి ఆదివారం నాన్నకి మళ్లీ వీడియో కాల్ చేసి జరిగిందంతా చెప్పాను. బొట్టుబిళ్ల సంగతి కూడా. చెప్పడానికి కొంచెం భయపడ్డాను, అన్నేళ్ల తరువాత ఆయన కొనిచ్చినదానిలో తప్పుందని చెప్పినట్టవుతుందని. ఆ పేరు కొట్టేవాడు తప్పు కొట్టేశాడు నాన్నా, నీ తప్పేం కాదు అని ముందే సర్ది చెప్పాను. నాన్న మొహం పక్కకి తప్పుకుంది. ఫోను మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

‘ఆడు తప్పేటీ కొట్టలేదే’ అన్నాడు. ‘ఆడు అడిగినాడు, చిట్టి అని కొట్టమంటావా, సిట్టి అని కొట్టమంటావా అని. మేం పిలిసేది సిట్టే, అదే కొట్టు అన్నాను నాను. తరవాత నువ్వు బొట్టెట్టినావు. బాగున్నాది గదా అని ఊరుకున్నాను.’

నేనూ ఆ చెవివైపు చూస్తూ ఊరుకున్నాను. పన్నెండేళ్లు ఆయన తప్పుని నేను కప్పిపుచ్చుతున్నానని అనుకున్నాను. నా బొట్టుబిళ్లని చూసీ చూడనట్టు అన్నేళ్లూ ఊరుకున్నది ఆయన.

ఇది జరిగి ఏళ్లయింది. అప్పడాల పిన్ని గిన్నెలు మూడూ తరువాత సెలవులకి వెళ్లినప్పుడు జీడిపప్పు పోసి ఇచ్చేశాను. (వారం తిరక్కుండా ఆవిడ ఒకదానిలో చేపల పులుసు వేసి పంపింది. ఆ గిన్నె మా దగ్గరే ఉంది.) ఇక్కడ మాకు మధ్యలో రెండుసార్లు ఊరు మారింది. మారిన ప్రతిసారీ సామాన్ల జాబితా నేనే రాస్తాను, తెలుగులోనే రాస్తాను, నా టీచరు దస్తూరీ ఇంకా బాగానే ఉంది. అన్నిటికన్నా పైన, మొట్టమొదటి వరసలో రాసేది మాత్రం మారదు: సిట్టి గిన్నె, ఒకటి, వాడినది.